తాటాకు పట్టుకుని వెళ్లమ్మా

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఈ వేసవిలో పిల్లల సమ్మర్ క్యాంప్‌లో పని చేయాలని ఉంది. ఎక్కడ చూసినా పిల్లల్ని చేర్చమనే ప్రకటనలే తప్ప, నేర్పేవాళ్లు కావాలని ఒక్కటీ కనిపించలేదు. మా మామ్మ దగ్గర తాటాకుతో బొమ్మలు, బుట్టలు అల్లడం నేర్చుకున్నాను. సర్టిఫికెట్లేమీ లేవు. నన్ను తీసుకుంటారా? ఎవర్ని అడగాలి?

జవాబు: తీసుకుంటారమ్మా. కానీ ప్రకటన కోసం చూస్తూ కూర్చుంటే వేసవి కాస్తా అయిపోతుంది. మన బడులకు ఏప్రిల్ 24 ప్రాంతంలో సెలవులిచ్చి జూన్ 12న తెరవడం మామూలు. క్యాంప్ నడిపేవాళ్లు అంతకు ముందే, తెలిసినవాళ్లను అడిగి మనుషుల్ని పెట్టేసుకుంటారు. నువ్వు మార్చి మొదట్లోనే వెళ్లి కనిపించాలి.

ముందు విజయనగరం జిల్లా గ్రంథాలయానికి వెళ్లు. గ్రంథాలయాల్లో వేసవి శిబిరాలు పెట్టి పిల్లల చేత కథలు చదివిస్తారు, బొమ్మలు వేయిస్తారు, చేతిపనులు నేర్పిస్తారు. నీకు సరిపోయే చోటు అదే. మీ దగ్గర్లో శాఖా గ్రంథాలయం ఉంటే అక్కడి లైబ్రేరియన్‌ని కూడా అడుగు. విజ్జీ స్టేడియంలోనూ, శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలోనూ జరిగేవి ఆటల శిక్షణలు, వాటికి ఆటగాళ్లు కావాలి. ఆ తర్వాత ప్రైవేటు స్కూళ్లు. అక్కడ గేటు దగ్గర బయోడేటా ఇచ్చి వచ్చేయకు, ప్రిన్సిపాల్‌ని కలిసే వరకూ ఉండు.

నేను టీచరుగా ఉన్నన్నాళ్లూ వేసవి శిబిరాల్లో పని చేశాను. పని అడగడానికి వచ్చినవాళ్లను చూసినప్పుడు మాకు ఉండే సందేహం ఒక్కటే: ఈ అమ్మాయి పాతికమంది పిల్లల్ని గంటసేపు కూర్చోబెట్టగలదా? దానికి సర్టిఫికెట్ జవాబు చెప్పదు. ఇప్పుడే మీ వీధిలో పిల్లల్ని నాలుగు ఆదివారాలు అరుగు మీద కూర్చోబెట్టి నేర్పు. లేత ఆకే తీసుకో, ముదురాకు అంచు వేలు కోసేస్తుంది. ఈనెలు తీసేసి, అంగుళం వెడల్పు పట్టీలు ముందురోజు రాత్రే కోసి తడిగుడ్డలో చుట్టి పెట్టు. పిల్లల చేతికి కత్తి ఇవ్వకు. ఎనిమిదేళ్ల పిల్లకి మొదటిరోజే బుట్ట మొదలెడితే మూడో వరుసకి విసుగొచ్చి లేచిపోతుంది. గాలికి తిరిగే ఫ్యాను చేయించు. తుమ్మముల్లు బదులు చీపురుపుల్ల గుచ్చితే చాలు. పది నిమిషాల్లో అయిపోతుంది, అది పట్టుకుని వీధంతా పరిగెడతారు. మర్నాడు వాళ్లే వచ్చి బుట్ట ఎప్పుడని అడుగుతారు. ఆ పట్టీలు, ఒక ఫ్యాను, ఒక బుట్ట సంచిలో వేసుకెళ్లి, అడిగినచోటే అల్లి చూపించు.

డబ్బు సంగతి మొహమాటపడకుండా మాట్లాడు. గ్రంథాలయంలో పెద్దగా ఏమీ రాకపోవచ్చు. మొదటి ఏడాది అనుభవం కోసం అక్కడ చేయడం నాకు తప్పనిపించదు. తల్లిదండ్రుల దగ్గర ఫీజు తీసుకునే క్యాంప్‌లో మాత్రం ఉచితంగా చేయకు. రోజూ బస్సు ఛార్జీలు, టిఫిను పోగా చేతిలో ఎంత మిగులుతుందో లెక్క వేసుకున్నాకే ఒప్పుకో. పని ఇప్పిస్తామని ముందుగా డిపాజిట్ అడిగితే అక్కడినుంచి వచ్చేయ్.

ఇంకో ముఖ్యమైన మాట. ఎంతమంది పిల్లలకు ఒక పెద్ద ఉంటారు, మంచినీళ్లు, ఆడపిల్లలకు వేరే బాత్రూమ్ ఉన్నాయా, ఎండ ముదరకముందే ఇంటికి పంపేస్తారా, తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లెవరో రాసుకుంటారా... ఇవన్నీ నువ్వే అడుగు. చేరాక ఏ బిడ్డ అయినా తనతో ఎవరో తప్పుగా ప్రవర్తించారని చెబితే క్యాంప్ పరువు కోసం ఊరుకోకూడదు. లైంగిక వేధింపు సంగతి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం చెబుతోంది. పిల్లల సాయానికి 1098 ఉంది, ఆ నంబరు నీ ఫోనులో పెట్టుకో.

నీ ఆఖరి సెమిస్టర్ పరీక్షల తేదీలు మాత్రం మొదటిరోజే వాళ్లకు చెప్పెయ్. మధ్యలో మానేస్తే పిల్లల బుట్టలు సగంలో ఉండిపోతాయి.