పీసీబీ రిపోర్టు నార్మల్, బాండ్ పేపర్ మీద సంతకం కూడా అయిపోయింది... ఇంక కేసు వేయొచ్చా?

ప్రశ్న: వకీల్ సాబ్, మాది సంగారెడ్డి జిల్లా, నక్కవాగు ఒడ్డున ఊరు. పైన మందుల కంపెనీ ఉంది, వాన పడ్డ రాత్రి వాగులకు నీళ్ళు వదులుతరు. బోరు నీళ్ళు కూడా మందు వాసనే. పోయిన ఏడాది ఆ నీళ్ళు తాగి రెండు బర్రెలు చచ్చిపోయినయి. పీసీబీకి (కాలుష్య నియంత్రణ మండలికి) ఫోన్ చేస్తే మూడో రోజు వచ్చి బాటిల్ నింపుకపోయిన్రు, నార్మల్ అన్నరు. కంపెనీ వాళ్ళు బర్రెకు ఇరవై వేలు ఇచ్చి, ఇంక ఎక్కడా కేసు పెట్టబోమని అమ్మతోని బాండ్ పేపర్ మీద సంతకం పెట్టించుకున్నరు. భూమి అమ్మ పేరు మీదనే ఉంది. మాకు ఇంక దారి లేనట్టేనా?

జవాబు: దారి ఉంది తమ్ముడూ. ముందు ఆ రిపోర్టు సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది నార్మల్ అన్న మాట వినగానే అక్కడే చేతులెత్తేస్తారు.

రిపోర్టు కాపీ నీ దగ్గర లేకపోతే పది రూపాయలు కట్టి ఆర్టీఐ పెట్టు, 30 రోజుల్లో ఇవ్వాలి. అందులో ఏమేం టెస్ట్ చేశారో చదువు. మామూలుగా పీహెచ్, టీడీఎస్, సీఓడీ, బీఓడీ (నీళ్ళ పులుపు, కరిగిన ఉప్పులు, మురుగు ఎంతో చెప్పే కొలతలు) ఇలాంటివి ఉంటాయి, యాంటీబయాటిక్ అన్న మాట వెతికినా కనబడదు, ఎందుకంటే మన దగ్గర దానికి లిమిట్టే పెట్టలేదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మందుల కంపెనీలు వదిలే నీళ్ళలో ఏ యాంటీబయాటిక్ ఎంత దాటకూడదో డ్రాఫ్ట్ ఇచ్చింది, 2021 ఆగస్టులో ఫైనల్ నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ అంకెలన్నీ మాయం. తాగే నీళ్ళ ప్రమాణం ఐఎస్ 10500లో కూడా లేదు. కాబట్టి నార్మల్ అంటే వాళ్ళు వెతికినంత మేరకు నార్మల్, అంతే. మన పటాన్‌చెరులోనే దాదాపు 90 మందుల కంపెనీల మురుగు వెళ్ళే ప్లాంటు ఒకటి ఉంది కదా, అక్కడ శుద్ధి చేసి బయటకి వదిలే నీళ్ళను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ప్రచురించారు, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. అంటే ఒక బక్కెట్ నీళ్ళలో 500 మిల్లీగ్రాముల గోలీ ఒకటి కరిగించినట్టు. శుద్ధి చేశాక సంగతి ఇది!

ఇంకోటి, మూడో రోజు తీసిన శాంపిల్. వాగు మూడ్రోజులు ఆగుతుందా? నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం కేసుకి పనికొచ్చే శాంపిల్ అంటే పీసీబీ వాళ్ళే, కంపెనీ నీళ్ళు వదిలే చోట, కంపెనీకి నోటీసిచ్చి, రెండు భాగాలు చేసి సీల్ వేయాలి. నువ్వు సొంతంగా నింపిన బాటిల్ ఆ లెక్కలోకి రాదు గానీ పారేయకు, మనం కేసు వేసేది గ్రీన్ ట్రిబ్యునల్‌లో (పర్యావరణ కేసులు వినే ప్రత్యేక కోర్టు), దానికి సాక్ష్య చట్టం రూల్స్ కచ్చితంగా వర్తించవు (గ్రీన్ ట్రిబ్యునల్ చట్టం 19వ సెక్షన్), తేదీ ఉన్న వీడియో, పశువుల డాక్టరు రిపోర్టు, పంచాయతీ తీర్మానం అన్నీ పెట్టుకోవచ్చు. పిటిషన్లో జాయింట్ కమిటీ (వేర్వేరు శాఖల వాళ్ళు కలిసి వచ్చి చూసే కమిటీ) వేయమనీ, యాంటీబయాటిక్‌లు కూడా టెస్ట్ చేయించమనీ పేరు పెట్టి అడగాలి, అడగకపోతే మళ్ళీ అదే పీహెచ్, టీడీఎస్ రిపోర్టే వస్తుంది. తప్పు చేయలేదని చూపించే బరువు కంపెనీ మీదే అని సుప్రీంకోర్టు 1999లో ఎం.వి. నాయుడు కేసులో చెప్పింది, అది కూడా మన శంషాబాద్ దగ్గర ఆముదం ఫ్యాక్టరీ గొడవే, జంట జలాశయాల నీళ్ళ కోసం.

ఇక బాండ్ పేపర్. ఇక్కడ తొందరపడి అది చెల్లదు అని చెప్పేవాళ్ళను నమ్మకు. చచ్చిపోయిన ఆ రెండు బర్రెల నష్టం వరకు డబ్బు తీసుకుని సెటిల్ అయ్యారని కంపెనీ వాదిస్తుంది, ఆ వాదనలో కొంత బలం ఉంది కూడా. కానీ రేపు వదలబోయే విషానికి ఈరోజే మాఫీ రాయించుకోవడం కుదరదు, కాంట్రాక్టు చట్టం 23, 28 సెక్షన్లు అలాంటివాటిని చెల్లనివ్వవు. బోరు, పొలం, మీ ఆరోగ్యం గురించి ఆ కాయితంలో లేకపోతే అవి వేరే నష్టాలు. పక్కింటి వాళ్ళయితే సంతకమే పెట్టలేదు కదా, వాళ్ళను కలుపుకో.

గడువు మాత్రం జాగ్రత్త. పరిహారానికి 5 ఏళ్ళు, కాలుష్యం ఆపించే ఆర్డరుకి 6 నెలలు, రెండింటికీ ఇంకో 60 రోజుల దాకా ట్రిబ్యునల్ మన్నించొచ్చు. వదిలిన ప్రతిసారీ కొత్త కారణమే అని మేం వాదిస్తాం, అవతలి లాయరు గడువు కారణం 'మొదటిసారి' పుట్టినప్పటి నుంచే అని చట్టంలో ఉంది చూడండి అంటాడు, ఆ తలనొప్పి ఎందుకు, ఈసారి వదిలినప్పుడు తేదీ రాసుకుని వెంటనే వేసేయండి. బెంచి చెన్నైలో ఉంది. ఫీజు అడిగే పరిహారంలో ఒక శాతం, తక్కువలో తక్కువ వెయ్యి రూపాయలు. పరిహారం దేనిదేనికి అడగొచ్చో చెప్పే గ్రీన్ ట్రిబ్యునల్ చట్టం రెండో షెడ్యూల్లో పాడి పశువులు, పంటలు పేరుతో సహా ఉన్నాయి. కేసు అమ్మ పేరు మీదే వేయి, ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడుగు.

త్వరగా తేలిపోతుందని మాత్రం చెప్పను. పటాన్‌చెరు కాలుష్యం కేసు 1990లో సుప్రీంకోర్టులో మొదలై, హైకోర్టుకి పోయి, అక్కణ్ణించి గ్రీన్ ట్రిబ్యునల్‌కి వచ్చి 2017లో తీర్పయింది.

అన్నట్టు ఆ బాండ్ పేపర్ మీకు అంత చెడ్డదేం కాదు, నీళ్ళు నార్మలే అయితే బర్రెకు ఇరవై వేలు ఎందుకిచ్చారు? మానవత్వంతో అంటారులే. సరే, కాపీ అమ్మ దగ్గర ఉందా, సంతకం పెట్టించుకుని వాళ్ళే పట్టుకుపోయారా? అది ముందు చెప్పు.