లేబుల్ మీద వేరే కంపెనీ పేరు, 58 శాతం ఆల్కహాల్: ఇది డూప్లికేట్ విస్కీయేనా?

డూప్లికేట్ కాదండీ, టెన్షన్ పడకండి. మీ బావగారు స్కాట్లాండ్ నుంచి తెచ్చిన సీసా మీద ‘కల్ ఈలా’ అని విస్కీ తయారుచేసిన డిస్టిలరీ పేరు చిన్నగా, ‘సిగ్నేటరీ’ అని పెద్దగా ఉందన్నారు. అక్కడ అది మామూలే. సిగ్నేటరీ 1988లో మొదలైన ఇండిపెండెంట్ బాట్లర్. ఇలాంటివాళ్లు డిస్టిలరీల సరుకును పీపాల లెక్కన కొని, పక్వానికొచ్చిందని తోచినప్పుడు తమ పేరుతో సీసాల్లో నింపుతారు. ఇదే పనితో పేరు తెచ్చుకున్న గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ 1895లో కిరాణా కొట్టుగా మొదలైంది. కల్ ఈలా సరుకులో ఎక్కువ భాగం జానీ వాకర్ లాంటి బ్లెండ్లలోకే, అంటే రకరకాల విస్కీలు కలిపి చేసేవాటిలోకే పోతుంది. లేబుల్ మీద ఒకే పీపా నంబరు ఉంటే మాత్రం అది అదృష్టమే. ఒకే చేత్తో పెట్టిన ఆవకాయ కూడా జాడీ జాడీకీ తేడా వచ్చినట్టు, అలాంటి రుచి మళ్లీ దొరకదు.

58 శాతం అంటే నీళ్లు కలపకుండా, పీపాలో ఉన్న ఘాటుతోనే నింపారన్నమాట. మన షాపుల్లో దొరికేది ఎక్కువగా 42.8 శాతం.

విజయవాడలో మా ఫ్రెండ్స్ బృందం అప్పుడప్పుడూ ఇలాంటివి రుచి చూస్తుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి గుక్కకే ‘బాబోయ్, స్పిరిట్!’ అంటారు. చాలాసార్లు తప్పు సీసాది కాదు, ప్లేటుది. మీది గుంటూరు కాబట్టి గట్టిగా చెబుతున్నా: పక్కన మిరపకాయ బజ్జీలు, కారప్పొడి వేపుళ్లు వద్దు. నోట్లో కారాన్ని పసిగట్టే నరాలనే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది. రెండూ కలిస్తే మంట తప్ప ఇంకేమీ తెలియదు. ఉప్పు లేని జీడిపప్పు చాలు. ఎండాకాలం మేడ మీద కూర్చోకండి, వేడికి ఆల్కహాల్ ఆవిరి గుప్పున ముక్కుకు తగులుతుంది. ఏసీ గదే నయం.

మూతి సన్నగా ఉన్న గ్లాసులో 30 ఎం.ఎల్. పోయండి. నోరు కొంచెం తెరిచి వాసన చూడండి. ఒక చుక్క నాలుక మీద అటూ ఇటూ తిప్పి మింగండి. తర్వాత సూది లేని సిరంజితో బబుల్ టిన్ నీళ్లు కొద్దికొద్దిగా కలపండి. 8 ఎం.ఎల్. పడేసరికి దాదాపు 46 శాతానికి దిగుతుంది. మేము తాగిన కల్ ఈలాలో నీళ్లకు ముందు అంతా పొగే, కాలిన కొబ్బరిపీచు వాసన. నీళ్లు పడ్డాక ఆ పొగ వెనక నుంచి నిమ్మతొక్క, చివర్లో కాస్త ఉప్పదనం బయటికొచ్చాయి.

నీళ్లు కలిపినప్పుడు కొద్దిగా మసక బారితే పాడైందనుకోకండి. చల్లబరిచి వడకట్టని విస్కీలో కొవ్వు పదార్థాలు అలా తేలతాయి. ఐస్ వేస్తే వాసన అణిగిపోతుంది. థమ్సప్ కలుపుతానంటారా, మీ ఇష్టం, బావగారికి మాత్రం చెప్పకండి!

ఒక్క సంగతి. దీంట్లో 30 ఎం.ఎల్. అంటే మామూలు విస్కీ 40 ఎం.ఎల్.తో సమానం, బండి తాళాలు ముందే ఇంట్లో ఇచ్చేయండి. మిగిలిన సీసాను నిలబెట్టే ఉంచండి. పడుకోబెడితే ఆ ఘాటుకు కార్క్ పాడైపోతుంది.