మీరడిగారు: అంగోలా జైలు, బ్లాక్ పాంథర్లు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, లూసియానాలో చదువుతున్నాడు. అక్కడి అంగోలా జైల్లో ఒకాయన్ని నలభై ఏళ్లకు పైగా ఒంటరి సెల్‌లో పెట్టారని, ఆయన రాజకీయ ఖైదీ అని ఫోన్లో చెప్పాడు. అమెరికాలోనూ రాజకీయ ఖైదీలుంటారా? హత్య కేసులో శిక్ష పడ్డవాళ్లను అలా అనొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పింది నిజమే. ఆయన పేరు ఆల్బర్ట్ వుడ్‌ఫాక్స్. 43 ఏళ్లకు పైగా ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవున్న సెల్‌లో, రోజుకు 23 గంటలు ఒక్కడే గడిపాడు. అనొచ్చా అని అడిగారు చూడండి, అక్కడే ఉంది అసలు విషయం. జీవితమంతా క్రిమినల్ కేసులు వాదించినవాణ్ని కాబట్టి కేసు నుంచే మొదలుపెడతాను.

వుడ్‌ఫాక్స్ మొదట జైలుకు వెళ్లింది దోపిడీ కేసులో. ఆ సంగతి ఆయనా దాచలేదు. న్యూయార్క్ జైల్లో ఉండగా బ్లాక్ పాంథర్ పార్టీవాళ్లు పరిచయమయ్యారు. 1966లో ఓక్లాండ్‌లో పుట్టిన ఆ పార్టీ పది కోర్కెల్లో మొదటిదే మా నల్లజాతి సమాజం తలరాతను నిర్ణయించుకునే అధికారం మాకే కావాలని. ఆ మాట పట్టుకుని అంగోలాకు తిరిగొచ్చి, హెర్మన్ వాలెస్‌తో కలిసి 1971లో జైలు లోపలే పార్టీ శాఖ పెట్టాడు. అంగోలా అంటే ఒకప్పటి బానిసల తోట, 18,000 ఎకరాలు. పేరు కూడా బానిసలను తెచ్చిన ఆఫ్రికా ప్రాంతానిదే. ఖైదీల చేత అక్కడే పత్తి తీయించేవాళ్లు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లను బలమైన ఖైదీలు లైంగిక బానిసలుగా అమ్ముకునేవాళ్లు. పాంథర్లు ఆ కుర్రాళ్లకు కాపలా నిలబడ్డారు.

1972 ఏప్రిల్‌లో 23 ఏళ్ల తెల్ల గార్డు ఒకడు కత్తిపోట్లతో చనిపోయాడు. అతనికీ భార్య ఉంది, ఆ అమ్మాయి దుఃఖం చిన్నదేం కాదు. కానీ నేరం మోపింది వుడ్‌ఫాక్స్, వాలెస్ లాంటి పాంథర్ల మీద. అక్కడ దొరికిన నెత్తుటి వేలిముద్ర ముద్దాయిల్లో ఎవరిదీ కాదు. ప్రధాన సాక్షి తోటి ఖైదీ. అతనికి సిగరెట్లు, క్షమాభిక్షకు సాయం చేస్తామన్న హామీ అందాయి. ఆ సంగతి డిఫెన్సు లాయర్లకు తెలియనివ్వలేదు. అప్రూవర్‌కు ఏం ఇస్తున్నారో చెప్పకుండా అతని చేత సాక్ష్యం చెప్పించారంటే అది విచారణే కాదని నేనంటాను. వుడ్‌ఫాక్స్‌కు శిక్ష వేసిన జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే. తర్వాత ఆ శిక్షను కోర్టులు మూడుసార్లు కొట్టేశాయి. ప్రతిసారీ ప్రభుత్వం మళ్లీ తగులుకుంది. గార్డు భార్య కూడా తర్వాత, అసలు హంతకులు వీళ్లు కారని, నిజం తేల్చమని అడిగింది.

సరే, హత్య కేసుకూ నలభై ఏళ్ల ఒంటరి సెల్‌కూ సంబంధమేమిటి? దీనికి జైలు వార్డెన్ 2008లో ప్రమాణం చేసి మరీ జవాబిచ్చాడు. వుడ్‌ఫాక్స్ ఆ హత్య చేయలేదనే అనుకుందాం, అప్పుడేం చేస్తారని లాయరు అడిగితే, అయినా అక్కడే ఉంచుతానన్నాడు. ఇతను ఇంకా పాంథర్ భావాలు వదల్లేదని, బయట తిరగనిస్తే కుర్ర ఖైదీలను కూడగడతాడని కారణం చెప్పాడు. రాజకీయ ఖైదీ అనడానికి ఇంతకంటే నాకు వేరే రుజువు అక్కర్లేదమ్మా.

వాలెస్‌ను 2013 అక్టోబర్ 1న, లివర్ క్యాన్సర్‌తో ఉండగా వదిలారు. రెండ్రోజులకే ప్రభుత్వం మళ్లీ కేసు పెట్టింది. మర్నాడు చనిపోయాడు. వుడ్‌ఫాక్స్ 2016 ఫిబ్రవరి 19న, తన 69వ పుట్టినరోజున, నేరం ఒప్పుకోకుండానే తక్కువ సెక్షన్ల కింద కేసు ముగించుకుని బయటికొచ్చాడు. తల్లి అంత్యక్రియలకు వెళ్లనివ్వలేదు కాబట్టి ముందు ఆమె సమాధి దగ్గరికి వెళ్లాడు. సెల్‌లో ఉండగా ఒక ఖైదీకి చదవడం నేర్పడమే తన గొప్ప విజయమని చెప్పుకునేవాడు. ‘అంగోలా త్రీ’ అని పేరుపడ్డ ఈ ముగ్గురిలో మూడోవాడు రాబర్ట్ కింగ్, వేరే కేసులో 29 ఏళ్లు ఒంటరిగా ఉండి 2001లో విడుదలయ్యాడు. సెల్‌లో కూల్‌డ్రింక్ డబ్బాలతో పొయ్యి చేసి, మన పల్లీ పట్టీ లాంటి మిఠాయి వండేవాడు. బయటికొచ్చాక దాన్నే అమ్ముతూ మిగతా ఇద్దరి కోసం దేశదేశాలు తిరిగాడు.

ప్రశ్న: బ్లాక్ పాంథర్ల తరంలో జైలుకెళ్లినవాళ్లంతా విడుదలయ్యారా?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: చాలామంది వచ్చారు, కానీ ముసలితనంలో. 1973లో అరెస్టయిన సుండియాటా అకోలీ 2022లో, 85 ఏళ్ల వయసులో పెరోల్ మీద వచ్చాడు. ముతులు షాకూర్ 2022 డిసెంబర్‌లో వచ్చి, 2023 జూలైలో చనిపోయాడు. 1998లో రాజకీయ ఖైదీల విడుదల కోసం జెరికో ఉద్యమం మొదలుపెట్టిన ముగ్గురిలో జలీల్ ముంతకీమ్ అప్పటికి జైల్లోనే ఉన్నాడు, 2020 దాకా రాలేదు. మాజీ ఖైదీ సఫియా బుఖారీ బయట ఆ పని భుజాన వేసుకుంది. ముమియా అబూ జమాల్ 1981 నుంచి పెన్సిల్వేనియా జైళ్లలోనే ఉన్నాడు. పోలీసు అధికారి హత్య కేసులో వేసిన మరణశిక్ష 2011లో యావజ్జీవంగా మారింది. తాను ఆ హత్య చేయలేదని ఇప్పటికీ అంటున్నాడు.