కాపాడిన ఖర్చు ఎవరు కట్టాలి?

ప్రశ్న: టార్చిలైటు, వాన కోటు కూడా లేకుండా కొండెక్కి చిక్కుకుపోయేవాళ్లను కాపాడే ఖర్చు జనం పన్నుల్లోంచి ఎందుకు పోవాలి? వాళ్ల దగ్గరే వసూలు చేయొచ్చు కదా?

జవాబు: మీ కోపం న్యాయమైనదే. కానీ బిల్లు భయం పట్టుకుంటే మనిషి ఫోన్ చేయడానికి వెనకాడతాడు. మధ్యాహ్నం 3 గంటలకే చెబితే వెలుతురుండగా నడిపించి దించగలిగేవాడి కోసం అర్ధరాత్రి తాళ్లు, స్ట్రెచర్ మోసుకెళ్లాలి. కాలు విరిగిన ఒక్కరిని రాళ్ల దారిలో దించాలంటే, మోసేవాళ్లు వంతులు మార్చుకోవడానికి పదిమందికి పైనే కావాలి. చీకట్లో వాళ్ల ప్రాణాలకూ ముప్పే. అమెరికాలోని పర్వత రక్షక దళాల సంఘం వసూలును వ్యతిరేకించేది ఇందుకే.

న్యూహాంప్‌షైర్ రాష్ట్రం పద్ధతి మాకు సబబుగా తోస్తుంది. అక్కడ నిర్లక్ష్యం తేలితే ఖర్చు కట్టాల్సిందే. ముందుగా 25 డాలర్ల 'హైక్ సేఫ్' కార్డు కొన్నవాళ్లకు మినహాయింపు ఉంటుంది, తెలిసి తెలిసి తెగించినవాళ్లకు మాత్రం ఉండదు.

బీమా తీసుకుంటే ఎత్తు హద్దు తప్పక చూడండి. పాలసీ 4,000 మీటర్ల వరకే ఉంటే, 5,000 మీటర్ల దగ్గరికి పిలిపించిన హెలికాప్టర్ ఖర్చు మీ మీదే పడుతుంది.