ఓపెన్ కాస్ట్ గని మూసేశాక ఆ భూమిలో మళ్లీ పంట పండుతుందా?

మీ ఊరి పక్క గనిలో బొగ్గు అయిపోవచ్చింది, భూమి మళ్లీ సాగుకు పనికొస్తుందా అని అడిగారు. పంట సంగతి తర్వాత, బొగ్గు కోసం తవ్వి పోసిన ఆ మట్టి గుట్టల మీద పడిన వాన ఎటు పోతోందో ఎప్పుడైనా చూశారా? గోదావరి పక్క ఓపెన్ కాస్టుల్లో, అంటే పైనుంచి నేల తవ్వి బొగ్గు తీసే గనుల్లో, పాతికేళ్లు చేశాను, అందులో సగం నీళ్లు తోడించడంతోనే గడిచిపోయింది.

ఒక జూలైలో మూడు రోజుల ముసురు. నైట్ షిఫ్టు. బొగ్గు పని ఎప్పుడో ఆగింది, పంపులొక్కటే నడుస్తున్నాయి. రాత్రి రెండింటప్పుడు సంపు (గని అడుగున నీళ్లు చేరే గుంత) దగ్గరి పంపు ఆపరేటర్ పరుగున వచ్చి, "సారూ, డంపు కింద మట్టి పొంగుతుంది, నా పైపు లేచి కూసుంది" అన్నాడు. డంపంటే ఆ మట్టి గుట్టే. టార్చి పట్టుకుని పోతే నిజమే, సాయంత్రం నేల మీదున్న పైపు మోకాలెత్తుకు లేచింది. అడుగున ఉబ్బిందంటే పైన నెర్రె పడి ఉండాలి. జీపులో పైకెళ్లి చూస్తే అంచుకు పదడుగుల లోపల చెయ్యి దూరేంత నెర్రె, అందులోకి వాన నీళ్లు గడగడా దిగుతున్నాయి. ముసురు పట్టే ముందు రోజు దాకా డంపర్లు మట్టి ఒంపింది ఆ అంచు మీది నుంచే! పంపు పోతే పోనీ అని కింద ఉన్న నలుగురినీ పైకి పిలిపించాను. తెల్లవారకముందే జారింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు, నానిన మట్టి గోడ కూర్చున్నట్టు కూర్చుంది.

ఎందుకంటే, బయటి నీళ్లు గని వైపు రాకుండా చుట్టూ తిప్పే గార్లాండ్ డ్రెయిన్ మీద ఎండాకాలంలో డంపర్లు తిరిగే హాల్ రోడ్డు వెడల్పు చేస్తూ మట్టి పోశారు, కింద తూము పైపు వేయడం మరిచారు. దాంతో ఆ నీళ్లు డంపు వైపే మళ్లాయి. నేను ఏప్రిల్‌లోనే రాసిచ్చాను. చివరికి మెమో వచ్చింది మాత్రం నాకే, పంపు ఎందుకు వదిలేశావని.

వానాకాలం దాటితే చాలనుకునేవాళ్లకు ఒక మాట: జార్ఖండ్‌లో లాల్‌మటియా దగ్గర రాజ్‌మహల్ ఓపెన్ కాస్టులో మట్టి గుట్ట కూలి 23 మంది పోయింది 2016 డిసెంబర్ 29న, నిండు చలికాలంలో.

ఇక మీ ప్రశ్న. తవ్వే ముందు పైమట్టిని గీకి విడిగా దాచి, చివర్లో మళ్లీ పరిస్తే ఏదైనా పండుతుంది. దాన్ని కూడా రాళ్లతో కలిపి గుట్టలో పోసేస్తే జామాయిల్ లాంటివి తప్ప పెద్దగా ఏమీ రావు. జామాయిల్ పెట్టి పచ్చదనం అంటారు చూడండి, నాకు ఒళ్లు మండుతుంది. జూన్ 5న మొక్కతో ఫొటో దిగినవాళ్లు జూలైలో కాలువ పూడిక తీయించరు. పైగా తవ్విన గుంత మొత్తం పూడదు, మట్టిలో కొంత బయటి గుట్టల్లోనే ఉండిపోతుంది కదా, ఆఖరికి అక్కడొక చెరువు మిగులుతుంది. అందులో దూకి రీల్స్ తీసే పిల్లలకు అది ఊరి చెరువు కాదని ఎవరు చెప్పాలి? గట్టు నిట్టనిలువు, రెండడుగులు వేస్తే నేల అందదు.

మీ పొలం గుట్ట దిగువనే ఉంటే, మే నెలలో ఒక పూట ఆ కాలువ వెంట నడవండి. రోడ్డు దాటే చోట తూము ఉందో లేదో చూసి ఫొటో తీసి, తేదీతో సహా రాసివ్వండి. ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి, నాది మెమోకు జవాబిచ్చేటప్పుడు పనికొచ్చింది.