ఓపెన్ సోర్స్ కోడ్ అందరికీ కనిపిస్తుంది కదా, మరి అది సురక్షితమేనా?

సురక్షితమేనని నా అభిప్రాయం. కానీ కోడ్ కనిపించినంత మాత్రాన సరిపోదు, ఎవరో ఒకరు కూర్చుని చూడాలి.

2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ యుటిల్స్ వ్యవహారమే చూడండి. ఫైళ్లను కుదించే ఈ చిన్న సాఫ్ట్‌వేర్ దాదాపు ప్రతి లినక్స్ (ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్) లోనూ ఉంటుంది. ఏళ్ల తరబడి దాని బాధ్యత ప్రధానంగా ఒక్క మనిషిదే, అదీ జీతం లేకుండా. 'జియా టాన్' పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి (బయటివాళ్లు రహస్యంగా చొరబడే వీలు) పెట్టేశారు. హానికరమైన కోడ్‌ను టెస్ట్ ఫైళ్లలో దాచారు. దాన్ని బయటికి లాగే స్క్రిప్టు మాత్రం అందరూ చూసే గిట్‌లో (కోడ్ మార్పులన్నీ నమోదయ్యే చోట) లేదు, విడుదల చేసిన ప్యాకేజీలోనే ఉంది. ఎంత తెలివిగా చేశారో!

ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి సురక్షితంగా వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటని ఆరా తీయబట్టి ఆ దొంగదారి దొరికింది. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాల స్టేబుల్ (పరీక్షించి అందరికీ విడుదల చేసే) వెర్షన్లలోకి చేరకముందే ఆగింది. క్లోజ్డ్ సోర్స్ అయితే బయటివాళ్లు అలా సోర్స్ తవ్వి చూసే వీలే ఉండదు.

ఈ కోడ్ మీద కోట్లు సంపాదించే కంపెనీలు దాన్ని నిలబెట్టేవాళ్లకు జీతాలు ఇచ్చి తీరాలి. మీరైతే స్టేబుల్ వెర్షనే వాడండి, అప్‌డేట్లు వాయిదా వేయకండి.