షాపు బంద్ పెట్టినా అలసట పోవట్లేదంటే

పని ఎక్కువై కాదు, గల్లా వదలలేక అలసిపోతున్నట్టున్నారు. ఆదివారం కిరాణా బంద్ పెట్టినా సోమవారం షట్టర్ ఎత్తబుద్ధి కావట్లేదన్నారు. ఆ ఆదివారం ఫోన్లో ఎన్నిసార్లు ఉద్దెర లెక్కలు చూశారు? బంద్ అయింది షట్టరే.

1. అందరూ చేయకుండా వదిలేసేది ఇదే: గల్లా ఇంకొకరికి అప్పజెప్పడం. మీరు లేకుండా షాపు నడవడం అలవాటవ్వాలి. మొదట మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలు చాలు, గిరాకీ పలచగా ఉంటుంది. చిల్లర 2,000 లెక్కపెట్టి ఇవ్వండి. ధరలు అట్టముక్క మీద రాసి గల్లా పైన అతికించండి. ఆ రెండు గంటలు ఎవరికీ ఉద్దెర లేదని చెప్పండి. తర్వాత ఇంటికెళ్లి పడుకోండి, ఫోన్ చేయొద్దు. వంద తేడా వస్తే రానివ్వండి. (నాకు మొదటి వారం 140 తక్కువొచ్చింది. చూస్తే నేనే కూడిక తప్పాను!)

2. షాపు నంబరు వేరే ఫోన్లో వేయండి. రాత్రి 9 తర్వాత అది షాపులోనే ఉండాలి.

3. మన మిర్యాలగూడ దిక్కు వడ్ల పైసలు చేతికొస్తేనే ఉద్దెర తీరుతుంది. రోజూ అడిగి బీపీ పెంచుకోకండి. కోతలయ్యాక ఒక వారం వసూళ్లకే పెట్టుకోండి.

ఇంత చేసినా నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.